బోటు ట్రెయిలర్‌కి డిస్క్ బ్రేకులు ఎలా వేసుకోవాలి?

టెక్సాస్‌లో బోటు కొన్న మనవాళ్లు ఇంజను గురించి పట్టించుకున్నంతగా ట్రెయిలర్ బ్రేకుల గురించి పట్టించుకోరు. బోటు దింపిన ప్రతిసారీ ట్రెయిలర్ చక్రాల్లోని డ్రమ్ము బ్రేకులు నీళ్లలో మునుగుతాయి. లోపలికి వెళ్లిన నీళ్లు, అందులోనూ గాల్వెస్టన్ ఉప్పునీళ్లు, ఓ పట్టాన బయటికి రావు. స్ప్రింగులు తుప్పు పడతాయి, బ్రేకుని తోసే వీల్ సిలిండర్ బిగుసుకుపోతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. డిస్క్ అయితే బయటికే ఉంటుంది కాబట్టి మంచినీళ్లతో కడిగేయొచ్చు. ప్యాడ్ ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది.

టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కి సాధారణంగా బ్రేకులు తప్పనిసరి. చాలా రాష్ట్రాల్లో ఈ హద్దు 3,000 పౌండ్లే. బోటు, ఇంజను, పెట్రోలు, ఐస్ బాక్సు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

కొనేముందు

చక్రం వెనక యాక్సిల్ మీద నాలుగు బోల్టుల ఫ్లాంజి (బ్రేకు బిగించే పలక) ఉందో లేదో చూడండి. అది ఉంటేనే ఈ పని ఇంట్లో అవుతుంది. తర్వాత బేరింగుల మీద చెక్కిన నంబర్లు రాసుకోండి. 3,500 పౌండ్ల యాక్సిల్‌కి ఎక్కువగా బయటిది ఎల్44649, లోపలిది ఎల్68149 ఉంటాయి. అయినా మీవి చూసుకునే కొనండి. ఉప్పునీళ్లకి వెళ్లేవాళ్లు ఖరీదైనా స్టెయిన్‌లెస్ స్టీలు కిట్టే తీసుకోండి. లేక్ కాన్రో లాంటి మంచినీళ్ల చెరువు దాటనివాళ్లకి తుప్పు పట్టని పూత వేసినవి చాలు.

చాలామంది చక్రాల దగ్గర అన్నీ మార్చి, ముందున్న యాక్చుయేటర్‌ని పాతదే ఉంచేస్తారు. అలా చేయకండి. బండి వేగం తగ్గగానే ట్రెయిలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకే యాక్చుయేటర్‌లోని మాస్టర్ సిలిండర్ నొక్కుకుని బ్రేకు పడుతుంది. డిస్కులకి డ్రమ్ములకన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. పైగా డ్రమ్ముల యాక్చుయేటర్ లైనులో కొంత ఒత్తిడిని అలాగే పట్టి ఉంచుతుంది. దాంతో ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూ వేడెక్కుతాయి. అందుకే డిస్కుల కోసం చేసిన యాక్చుయేటరే కావాలి.

రివర్స్ సంగతి కూడా ఉంది. వెనక్కి నెట్టినా యాక్చుయేటర్ నొక్కుకుంటుంది. ఫ్రీ బ్యాకింగ్ డ్రమ్ములు అప్పుడు వాటంతటవే వదిలేస్తాయి, డిస్కులు వదలవు. అందుకని రివర్స్ లైటు కరెంటుతో బ్రేకు లైను మూసే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉండాలి. బండికీ ట్రెయిలర్‌కీ కలిపే నాలుగు పిన్నుల ప్లగ్గులో దానికి తీగ ఉండదు. ఐదు పిన్నులది వేసి, ఆ ఐదో తీగని (సాధారణంగా నీలం రంగు) బండి రివర్స్ లైటుకి కలపాలి.

విప్పడం

చదునైన నేల మీద, రెండో వైపు చక్రాలకి అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే దాని నట్లు వదులు చేసి, తర్వాత ట్రెయిలర్‌ని జాకీతో లేపి స్టాండు మీద దించి, చక్రం తీసేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేయి పెట్టొద్దు. గ్రీజు మూత, పిన్ను, నట్టు తీసి డ్రమ్ము లాగండి. రాకపోతే వెనకనుంచి అడ్జస్టర్ తిప్పి షూలు (డ్రమ్ముని లోపలినుంచి పట్టే బ్రేకు ముక్కలు) వదులు చేయండి. దుమ్ము ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. బ్రేకు లైను విప్పి, నాలుగు బోల్టులూ తీస్తే వెనక ప్లేటు వచ్చేస్తుంది. గ్రీజు కారకుండా ఆపే సీలు కూర్చునే చోట యాక్సిల్ కొన మీద గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది.

బిగించడం

కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) కూర్చునే బ్రాకెట్‌ని ఫ్లాంజికి బిగించండి. మెరైన్ గ్రీజు అరచేతిలో వేసుకుని, రోలర్ల మధ్యనుంచి అవతలికి పొంగేదాకా బేరింగుని నొక్కండి. డిస్కు ఉన్న హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) ఎక్కించి, తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో వచ్చినంత బిగించి కొత్త పిన్ను వేయండి. డిస్కు మీద గ్రీజు వేలిముద్ర కూడా ఉండకూడదు, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. కాలిపర్ పెట్టేటప్పుడు ఎయిర్ తీసే స్క్రూ పైకే ఉండాలి. గాలి పైకే చేరుతుంది కాబట్టి స్క్రూ కిందికి ఉంటే ఎంతసేపు తీసినా ఎయిర్ పోదు. రబ్బరు గొట్టం టైరుకి తగలకుండా కట్టండి.

ఎయిర్ తీయడం

కొత్తగా సీలు విప్పిన డాట్ 3 బ్రేక్ ఆయిల్ వాడండి. యాక్చుయేటర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. ఒకరు మాస్టర్ సిలిండర్ నొక్కుతుంటే, ఇంకొకరు పారదర్శక గొట్టం తగిలించి స్క్రూ తెరవాలి. నొక్కు వదలకముందే మూసేయాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయండి, ట్యాంకులో ఆయిల్ మాత్రం అడుగంటనివ్వొద్దు. బోటు రంగు మీద పడితే వెంటనే కడగండి.

రోడ్డెక్కే ముందు

తాళం తిప్పి రివర్స్‌లో పెడితే సోలినాయిడ్ టక్కుమనాలి. అర అంగుళం స్టడ్‌లకి చక్రాల నట్లు 90 నుంచి 120 అడుగు-పౌండ్లు బిగించి, మొదటి 50 మైళ్ల తర్వాత మళ్లీ చూడండి. ఖాళీ పార్కింగులో నెమ్మదిగా బ్రేకు వేసి చూసి, కొద్ది మైళ్లు పోయాక హబ్ దగ్గర చేయి పెట్టి చూడండి. ఒక వైపు మాత్రమే బాగా కాలుతుంటే అక్కడ ప్యాడ్ పట్టేసినట్టో, బేరింగు బిగిసినట్టో అనుకోవాలి. ట్రెయిలర్ బండినుంచి ఊడిపోతే బ్రేకు వేసే బ్రేక్‌అవే కేబుల్‌ని సేఫ్టీ గొలుసుకి కాకుండా బండికే విడిగా తగిలించండి.