విమానం ఎక్కాక గంటల తరబడి కదలకపోతే ఏం అడగాలి

చలికాలం పొద్దున గన్నవరంలో (విజయవాడ విమానాశ్రయం) పొగమంచు పట్టిందంటే హైదరాబాద్ నుంచి రావాల్సిన విమానం దిగలేక గాల్లో తిరుగుతుంది, లేదా వెనక్కి పోతుంది. మనం ఎక్కాల్సింది ఆ విమానమే కాబట్టి ఆలస్యం రోజంతా పేరుకుంటూ పోతుంది. టెర్మినల్‌లో ఉంటే కౌంటర్‌కి వెళ్లి అడగొచ్చు. తలుపు మూశాక ఇరుక్కుపోతేనే కష్టం.

ముందు టైములు రాసుకోండి: టికెట్‌లో ఉన్న టైము, తలుపు మూసిన టైము, విమానం కదిలిన టైము, ఎగిరిన టైము. రికార్డుల్లో విమానం స్టాండ్ (అది ఆగి ఉండే చోటు) వదిలిన నిమిషాన్నే బయల్దేరిన టైముగా రాస్తారు. ఆ తర్వాత రన్‌వే పక్కన రెండు గంటలు ఆగినా కాగితం మీద సమయానికే వెళ్లినట్టు కనపడొచ్చు. అందుకే మీ లెక్క మీ దగ్గర ఉండాలి. ఎయిర్‌లైన్ పంపిన మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తిండి విషయంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన (సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4) స్పష్టంగా ఉంది. ప్రయాణం రెండున్నర గంటల లోపైతే 2 గంటల ఆలస్యానికి, రెండున్నర నుంచి 5 గంటలైతే 3 గంటలకి, అంతకు మించితే 4 గంటలకి టిఫినో భోజనమో ఎయిర్‌లైన్ పెట్టాలి. మీరు సమయానికి చెకిన్ అయి ఉండాలి. గన్నవరం నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మొదటి లెక్కలోకి వస్తాయి. ఢిల్లీ రెండున్నర గంటల అంచున ఉంటుంది, టికెట్‌లోని టైములతో లెక్క వేసుకోండి. అడగకపోతే చాలాసార్లు రాదు. మంచినీళ్లు మాత్రం గంటల లెక్క చూడకుండా వెంటనే అడగండి.

ఇన్ని గంటలు దాటితే దించి తీరాలి అనే గడువు మన నిబంధనలో లేదు. ఇది పెద్ద లోటు. 2024 జనవరిలో ముంబైలో ప్రయాణికులు విమానం పక్కనే నేల మీద కూర్చుని తిన్న సంఘటన దేశమంతా చూసింది. అదే ఏడాది మార్చిలో విమానాశ్రయ భద్రత చూసే బీసీఏఎస్, ఎక్కేసినవాళ్లను కూడా ఆలస్యం బాగా ఎక్కువైతే డిపార్చర్ గేటు గుండా బయటికి పంపే వీలు కల్పించింది. కాబట్టి ‘ఒకసారి ఎక్కితే దిగడం కుదరదు’ అంటే ఆ మాటతో ఊరుకోకండి. కెప్టెన్ గారిని అడిగి చెప్పమని సిబ్బందిని మర్యాదగా కోరండి.

ఒక్కరే దిగాలంటే ఆలోచించుకోండి. లోపల వేసిన మీ సామాను వెతికి దించాకే విమానం కదులుతుంది, అందరికీ ఇంకా ఆలస్యం. డబ్బు వెనక్కి వస్తుందా, సొంతంగా మానుకున్నట్టు రాస్తారా అన్నది దిగకముందే తేల్చుకోండి. ఆయాసం, షుగర్ పడిపోవడం లాంటివైతే మొహమాటపడకుండా వెంటనే చెప్పాలి. పెద్దవాళ్ల మందులు, ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిసంచిలోనే ఉంచండి.

కోపం ఎంత వచ్చినా తలుపు దగ్గర గుమిగూడకండి. నోటి దురుసుకే 3 నెలల వరకు, చెయ్యి చేసుకుంటే 6 నెలల వరకు విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

దేశీయ విమానం 6 గంటలకు పైగా ఆలస్యమైతే వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ ఎంచుకోవచ్చు. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సినది 6 గంటలు దాటితే హోటల్ గది, రానూపోనూ బండి అడగండి. ఒట్టి ఆలస్యానికి డీజీసీఏ నిబంధనలో నగదు పరిహారం లేదు. అది విమానం రద్దు చేసినప్పుడు, టికెట్ ఉన్నా ఎక్కనివ్వనప్పుడు. పొగమంచు వల్ల రద్దయితే అదీ రాదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లకి: అక్కడి విమానాశ్రయాల్లో దేశీయ విమానమైతే 3 గంటలు, అంతర్జాతీయమైతే 4 గంటల లోపు దిగే అవకాశం ఇవ్వాలి, 2 గంటల లోపు నీళ్లు, తినడానికి ఏదైనా ఇవ్వాలి. భద్రత, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) కారణాలకు మినహాయింపు ఉంది. గన్నవరం నుంచి అమెరికా దాకా ఒకే పీఎన్ఆర్‌తో (బుకింగ్ నంబరు) టికెట్ తీసుకోండి. విడివిడిగా కొంటే, ఇక్కడి ఆలస్యం వల్ల అక్కడి విమానం తప్పినా రెండో ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు.

ఫిర్యాదు ముందు ఎయిర్‌లైన్‌కి రాసి నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే విమానయాన శాఖ ఫిర్యాదుల యాప్ ఎయిర్‌సేవ, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, గుంటూరులోనో విజయవాడలోనో, 2 ఏళ్ల లోపు వేయొచ్చు. టికెట్ ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అప్పటిదాకా బోర్డింగ్ పాస్ ముక్క, బయట కొనుక్కున్న తిండి బిల్లులు దాచి ఉంచండి.