హక్కు విడుదల పత్రం: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

తిరుపతి చుట్టూ సెంటు ధర పెరిగే కొద్దీ ఆడబిడ్డలకు పుట్టింటి నుంచి ‘ఒక్క సంతకం పెట్టేసి పోమ్మా’ అన్న పిలుపులూ పెరుగుతాయి. ఆస్తిలో మీ వాటాను వదులుకుంటూ రాసిచ్చే హక్కు విడుదల పత్రం మీద సంతకం అది. పెట్టండి, కాదనం. పెట్టే ముందు చదవండి.

మొదట ఆస్తి ఎలాంటిదో తేల్చుకోండి. నాన్న బతికుండగా ఆయన స్వార్జితంలో పిల్లలకు హక్కే పుట్టదు. లేని హక్కును వదులుకోవడం ఆస్తి బదిలీ చట్టం 6(ఎ) ప్రకారం చెల్లదు. డబ్బు తీసుకుని రాసిస్తే మాత్రం తర్వాత అడ్డం తిరగడం కష్టం. పిత్రార్జితంలో, అంటే తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో, హిందూ వారసత్వ చట్టం 2005 సవరణతో కూతురికీ పుట్టుకతోనే సమాన వాటా. ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

పత్రాన్ని చివర్నుంచి, అంటే షెడ్యూలు నుంచి చదవండి. సర్వే నంబరు, సబ్‌ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు 1బి (రెవెన్యూ భూమి రికార్డు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా)లతో సరిపోవాలి. ప్రమాదమంతా ‘మరియు ఇతర యావదాస్తులలో కూడా’ అనే ముక్కలో ఉంటుంది. చంద్రగిరి దగ్గర నలభై సెంట్ల కయ్య వదులుకోవడానికి వచ్చిన మనిషి, ఆ ముక్కతో తిరుపతి ఇంట్లో వాటా కూడా వదులుకున్నట్టే. కొట్టించి, శుభ్రంగా మళ్లీ టైపు చేయించండి.

‘పైకం రొక్కంగా ముట్టినది’ అని రాసి ఉంటే, ముట్టాకే సంతకం. డీడీగా ఇస్తే దాని నంబరు, తేదీ పత్రంలోకి ఎక్కాలి. ‘తోట అమ్మినాక ఇస్తాంలే’ అన్న మాటను రేపు కోర్టులో రుజువు చేయడం కష్టం.

విడుదల సహ హక్కుదారుకే, అంటే అదే ఆస్తిలో వాటా ఉన్నవాళ్లకే చెల్లుతుంది. వదిన పేరున కావాలంటే అది దానపత్రం. స్టాంపు డ్యూటీ లెక్క మారుతుంది. చనిపోయిన అన్న పిల్లలు మైనర్లయితే, వాళ్ల స్థిరాస్తి వాటాను తల్లి కోర్టు అనుమతి లేకుండా వదులుకోకూడదు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించినంత మాత్రాన స్థిరాస్తి హక్కు పోదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సంతకమైన నాలుగు నెలల్లో దాఖలు చేయాలి. అలాగని ఖాళీ కాగితం మీద ఎప్పుడూ పెట్టకండి.

ఫొటో, వేలిముద్రలయ్యాక సబ్‌ రిజిస్ట్రార్ ‘మీరు రాసిచ్చిందేనా’ అని అడుగుతారు. ఒప్పుకోనంటే రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. అది దాటాక ఒక్కరే వెళ్లి రద్దు చేయించలేరు. మోసం, బలవంతం జరిగిందని సివిల్ కోర్టుకే వెళ్లాలి, అదీ విషయం తెలిసిన మూడేళ్లలో. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100. ఈ ఫోన్ సంతకానికి ముందే చేయండి.