సౌండ్ కార్డు ఫర్మ్‌వేర్‌ను ముట్టుకునే ముందు

లినక్స్‌లో రికార్డింగు కార్డు పలకనప్పుడు లోపం కార్డు లోపల నడిచే ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్‌లో ఉందో, కార్డును లినక్స్‌తో కలిపే డ్రైవర్‌లో ఉందో, ఆ పైన సాఫ్ట్‌వేర్‌లకు శబ్దాన్ని అందించే పైప్‌వైర్‌లో ఉందో తేల్చుకోకుండా ఏదీ మార్చవద్దు. టెర్మినల్‌లో ‘ఏప్లే మైనస్ ఎల్’ (aplay -l) ఆదేశం చూపే జాబితాలో కార్డు కనిపిస్తూ, ఒక్క ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే శబ్దం రాకుంటే ఫర్మ్‌వేర్ జోలికి పోవలసిన పని దాదాపు ఉండదు.

జాబితాలో లేకపోతే కెర్నల్ (లినక్స్ మూల భాగం) సందేశాలను చూపే ‘డీమెసేజ్’ (dmesg) చదవండి. ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదన్న వాక్యం అక్కడ ఉన్నంత మాత్రాన పరికరం చెడిపోయిందని బెంగపడనక్కరలేదు. ఆర్‌ఎంఈ మల్టీఫేస్ వంటి పాత కార్డులు ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్‌ను తెచ్చుకుంటాయి కనుక, అల్సా (లినక్స్ శబ్ద వ్యవస్థ) ఫర్మ్‌వేర్ ప్యాకేజీ, దానిని ఎక్కించే హెచ్‌డీఎస్‌పీ లోడర్ ఉన్నాయో లేదో ముందుగా చూడాలి.

ఫర్మ్‌వేర్‌ను సొంత ఫ్లాష్ మెమరీలో దాచుకునే కార్డుల సంగతి వేరు. అందులో కొత్త ఫర్మ్‌వేర్ రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే కార్డు మళ్లీ లేవకపోవచ్చు. అందువల్ల వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో ఎండాకాలపు గాలిదుమారం లేచే సాయంత్రాల్లో ఈ పనికి కూర్చోకండి. ఇన్వర్టర్ ఉన్నా, మెయిన్ ఆపినప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుందేమో ముందే పరీక్షించండి. యూఎస్‌బీ కార్డును హబ్ లేకుండా నేరుగా కలపండి.

పనిచేసిన పాత కెర్నల్‌ను తీసివేయకండి. మిక్సర్ అమరికలను ‘అల్సాసీటీఎల్ స్టోర్’ (alsactl store) ఆదేశంతో భద్రపరచండి. మైకులకు కార్డు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ను, మానిటర్ స్పీకర్లను ఆపివేయండి. బతుకమ్మ పాటల రికార్డింగులు వరుసకట్టే భాద్రపదంలోనైతే, పనిచేస్తున్న కార్డుకు అసలు అప్‌డేటే పెట్టవద్దు.