పాత పియానో మెట్లను చూసి కాలం అంచనా వేయడం ఎలా

సికింద్రాబాద్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఏ కుటుంబమో పాత పియానో అమ్మజూపితే, ముందుగా మూత తెరిచి మెట్లను పరిశీలించండి. రంగు ఒక్కదానితో ఏదీ తేలదు. ఆ రంగు ఏ పదార్థానిదో కనిపెట్టాలి.

ఇప్పటి తెలుపు నలుపుల అమరిక మొదటి నుంచీ ఉన్నది కాదు. పియానోకు ముందున్న మెట్ల తంత్రీవాద్యం హార్ప్సికార్డ్. ఇటలీ హార్ప్సికార్డ్‌లకు పసుపు ఛాయగల బాక్స్‌వుడ్ మెట్లు ఉండేవి. ఆంట్వెర్ప్ (నేటి బెల్జియం) నగరంలో ఆ వాద్యాలు తయారుచేసిన రూకర్స్ కుటుంబం వారు మెట్లపై ఎముక రేకులు అతికించేవారు. 18వ శతాబ్ది పారిస్‌లో కింది వరుసలోని పొడవు మెట్లకు నల్లని ఎబొనీ కర్ర, పైనుండే అర్ధస్వరాల పొట్టి మెట్లకు తెల్లని ఎముక వాడారు. స్వరకర్త మొజార్ట్ వాయించిన, వియన్నాకు చెందిన వాల్టర్ తయారుచేసిన పియానో కూడా ఇలాంటిదే. మన గాయకుల లెక్కలో చెప్పాలంటే, ఇప్పుడు నల్ల మెట్టైన ఒకటిన్నర శ్రుతి దానిపై తెల్ల మెట్టు! 19వ శతాబ్దిలో దంతపు తెలుపు స్థిరపడింది. కనుక కింది వరుస నల్లగా కనిపించగానే ప్రాచీన వస్తువని మురిసిపోకండి. అది పాత నమూనాకు కొత్తగా చేసిన నకలు కావచ్చు. 1962లో వచ్చిన వాక్స్ కాంటినెంటల్ అనే విద్యుత్ ఆర్గన్‌కు సైతం రంగులు తారుమారుగానే ఉంటాయి.

తెల్ల మెట్ల మీద టార్చి వెలుతురు ఏటవాలుగా వేయండి. నల్ల మెట్టు ముందు అంచు ఆగినచోట, తెల్ల మెట్టుకు అడ్డంగా వెంట్రుకవాసి గీత కనిపించి, ఉపరితలంలో సన్నని చారలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా సాగితే, అది సాధారణంగా రెండు ముక్కలుగా అతికిన ఏనుగు దంతం. చారలు అచ్చుగుద్దినట్టు సమానంగా ఉంటే 1870 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చిన సెల్యులాయిడ్ (తొలితరం ప్లాస్టిక్) అని అనుమానించాలి. చారలూ అతుకూ లేకుండా ఒకే ముక్కగా ఉన్నది చాలావరకు తర్వాతి కాలపు ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దంతమని తేలితే బేరం అక్కడే ఆపి న్యాయవాదిని సంప్రదించండి. 1991 నాటి సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం దిగుమతి దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించింది. ఊడిన రేకుకు బదులు విడిగా దంతం ముక్క కొనాలన్న ఆలోచన అసలే వద్దు, ప్లాస్టిక్ రేకు వేయించుకోండి.

వారసత్వంగా ఇంట్లోనే ఉన్న పియానో అయితే, మెత్తని గుడ్డను తడిపి గట్టిగా పిండి, ఒక్కొక్క మెట్టునే తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఒకసారి నీరు ఎక్కువై, జిగురు కరిగి, ఒక రేకు నా చేతిలోకే ఊడివచ్చింది. దంతం చీకటిలో పసుపెక్కుతుంది కాబట్టి, ఎండ నేరుగా పడని గదిలో పగలు కొంతసేపు మూత తెరిచి ఉంచండి.