సివిలైజేషన్ 6 నేర్చుకోవడం ఎలా? ఒకే నేల మీద వంద టర్నులు, రెండుసార్లు

క్రీస్తుపూర్వం 4000. తెర మీద మీ తరఫున ఉన్నది ఇద్దరే: ఊరు కట్టడానికి మూటాముల్లె సర్దుకుని వచ్చిన సెట్లర్, దుడ్డుకర్ర పట్టిన వారియర్. చుట్టూ కాసిని గడులు తప్ప మిగిలిన ప్రపంచమంతా పాత కాగితపు పటంలా మూసుకుపోయి ఉంటుంది. రాజ్యాన్ని కట్టి పెంచే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6 ఇలా మొదలై, మామూలు వేగంలో 500 టర్నుల దాకా సాగుతుంది. 1991లో ఆటల రూపకర్త సిడ్ మేయర్ పేరుతో మొదలైన వరుసలో ఇది ఆరో ఆట. 2016 అక్టోబరులో వచ్చింది. 2025లో ఏడోది కూడా వచ్చింది కానీ, కొత్తగా నేర్చుకునేవారికి నేను ఇప్పటికీ ఆరోదే చెబుతాను. దీని లెక్కలు కుదురుకున్నాయి, ఫోనులో కూడా ఆడుకోవచ్చు.

టర్న్ అంటే వంతే. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి కాయ జరిపి ఎదుటివారి కోసం ఆగినట్లే, ఇక్కడా మీ పనులు ముగించాక మిగతా రాజ్యాలు తమ పనులు చేసుకుంటాయి. తొందరేమీ లేదు. టీ కాచుకుని వచ్చినా ఆట మీ కోసం ఆగే ఉంటుంది. చిక్కల్లా వేరే చోట ఉంది. ఊళ్లు, పరిశోధన, మతం, వర్తకం, యుద్ధం, దౌత్యం అన్నీ ఒకేసారి మీద పడతాయి. అన్నీ చదివి ఆడదామనుకున్నవారు ఎన్నటికీ ఆడరు.

అందుకే నేను ఒక పద్ధతి చెబుతాను. మొదటి టర్నులో ఏదీ కదపకముందే ఆటను సేవ్ చేసి, దానికి గుర్తుండే పేరు పెట్టండి. వంద టర్నులు ఆడి ఆపేయండి. ఆ తర్వాత అదే సేవ్ తెరిచి, అదే నేల మీద మళ్లీ వంద టర్నులు ఆడండి. కొత్త పొలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ మూల చవుడో రెండో ఏడు దున్నేటప్పుడే కదా తెలిసేది.

ఆట అమర్చుకోవడం

కష్టం స్థాయిలు ఎనిమిది. నడిమిదైన ప్రిన్స్ దగ్గర మీకూ కంప్యూటర్‌కూ ఒకే లెక్క వర్తిస్తుంది. అంతకు పైన కంప్యూటర్‌కు అదనపు సాయం అందుతుంది. ప్రిన్స్‌కు ఒక మెట్టు కింద ఉన్న వార్‌లార్డ్ మొదటి ఆటకు సరిపోతుంది. మ్యాప్ పాంజియా, పరిమాణం స్మాల్ పెట్టుకోండి. భూమంతా దాదాపు ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి ఓడల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నాయకుడిగా రోమ్ చక్రవర్తి ట్రాజన్‌ను తీసుకోండి. ఆయన కట్టే ప్రతి కొత్త ఊరికీ మొదట్లోనే మాన్యుమెంట్ అనే భవనం ఉచితంగా వస్తుంది. రాజధానికి దగ్గరలో ఉంటే బాట కూడా దానంతట అదే పడుతుంది. మన దేశం ఉంది కదా అని చాలామంది గాంధీతో మొదలుపెడతారు, నేనూ అదే చేశాను. కానీ ఈ ఆటలో గాంధీ బలమంతా మతం చుట్టూ అల్లుకుని ఉంది, ఆ లెక్కలు తొలి ఆటకు బరువు. భారతదేశానికే ప్రత్యేకమైన మెట్లబావి కట్టే సరదా రెండో నెలకు దాచుకోండి. మొదటి సివిలైజేషన్‌లో ఒక లెక్క తప్పి గాంధీ అణుబాంబులు వేసేవాడన్న కథ మీ చెవిన పడే ఉంటుంది. అలాంటి తప్పేదీ ఆ ఆటలో లేదని సిడ్ మేయరే 2020లో తన జ్ఞాపకాల్లో రాశారు.

నేలను చదవడం

ఇక్కడ ఎంత సమయం పెట్టినా వృథా కాదు. మినీ మ్యాప్ పక్కన ఉన్న మ్యాప్ ఆప్షన్లలో రాబడి గుర్తులను వెలిగించండి. ఏ గడి ఎంత ఆహారం, ఎంత ఉత్పత్తి ఇస్తుందో కనిపిస్తుంది. పచ్చిక నేల 2 ఆహారం ఇస్తుంది. మైదానం 1 ఆహారం, 1 ఉత్పత్తి ఇస్తుంది. గుట్ట ఉంటే ఇంకో ఉత్పత్తి, చెట్లుంటే మరొకటి కలుస్తాయి. ఎడారి ఏమీ ఇవ్వదు, కానీ నది పక్కన వరద మేట వేసిన ఎడారి గడి 3 ఆహారం ఇస్తుంది. నైలు తీరం ఎందుకు పండిందో ఆట ఒక్క అంకెలో చెప్పేస్తుంది.

ఊళ్లో ఒక్కో మనిషి టర్నుకు 2 ఆహారం తింటాడు, ఒక గడిలో పని చేస్తాడు. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. రాజధానిని మైదానపు గుట్ట మీద కట్టారనుకోండి. ఊరి నడిగడి 2 ఆహారం, 2 ఉత్పత్తి ఇస్తుంది. రాజభవనం ఇంకో 2 ఉత్పత్తి కలుపుతుంది. ఉన్న ఒక్క మనిషి పచ్చిక గుట్ట మీది అడవి గడిలో పని చేస్తే 2 ఆహారం, 2 ఉత్పత్తి తెస్తాడు. మొత్తం 4 ఆహారం, 6 ఉత్పత్తి. 2 తినగా 2 మిగులుతుంది. రెండో మనిషి రావడానికి 15 ఆహారం కావాలి కాబట్టి 8 టర్నులు. చుట్టుపక్కల నేలను వెతికి చూసే స్కౌట్ ధర 30 ఉత్పత్తి, అంటే 5 టర్నులు. అదే ఊరిని పక్కనే ఉన్న చదునైన పచ్చిక మీద కడితే నడిగడి ఉత్పత్తి 1కి పడిపోతుంది, స్కౌట్ 6 టర్నులకు వస్తుంది. తేడా ఒక్క టర్నే అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క ఉత్పత్తి ఆట ముగిసేదాకా ప్రతి టర్నులోనూ తగ్గుతూనే ఉంటుంది.

నీళ్లు అంతకంటే ముఖ్యం. మంచినీటి పక్కన కట్టిన ఊరు 5 మందికి నివాసం ఇస్తుంది, ఒట్టి సముద్రతీరం 3, నీరే లేనిచోటు 2. జనాభా ఆ హద్దుకు చేరువయ్యేకొద్దీ ఊరు పెరగడం మందగిస్తుంది. సెట్లర్‌ను ఎంచుకోగానే గడుల మీద రంగులు పడతాయి. ముదురు ఆకుపచ్చ అంటే మంచినీళ్లున్నట్టు. నిలబడ్డచోటే ఊరు కట్టేయాలని లేదు, కానీ మంచి చోటు వెతుకుతూ మూడు టర్నులకు మించి తిరగకండి.

స్కౌట్, వడిసెల, దొంగలు

మొదట కట్టవలసినవి ఈ వరుసలో: స్కౌట్, స్లింగర్, సెట్లర్, పొలాలూ గనులూ వేసే బిల్డర్. కొందరు బిల్డర్‌ను ముందుకు జరుపుతారు, అదీ తప్పు కాదు. స్లింగర్ అంటే వడిసెల తిప్పేవాడు, జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలే మనిషి చేతిలో ఉండేదే అది. పక్క గడి దాకా మాత్రమే రాయి విసరగలడు, ఎవరైనా మీదపడితే నిలవలేడు. అతన్ని ఎప్పుడూ వారియర్ వెనుకే ఉంచండి.

ఏ రాజ్యానికీ చెందని దొంగల గుంపులే బార్బేరియన్లు. వాళ్ల స్కౌట్ మీ ఊరిని చూసిన క్షణం నుంచి దాని తల మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. అది తన దండుకు వెనక్కి చేరిందంటే కొన్ని టర్నుల్లో గుంపుగా దాడి వస్తుంది. దారిలోనే అడ్డగించి చంపండి, లేదా ఆ దండునే వెతికి చెదరగొట్టండి. నా మొదటి ఆటలో ఆ స్కౌట్‌ను చూసి, పోనీలే ఒక్కడే కదా అని వదిలేశాను. పది టర్నుల తర్వాత, కాపలా లేకుండా పంపిన నా సెట్లర్‌ను వాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. సెట్లర్ తయారైనప్పుడు ఊరి జనాభాలో ఒకరు తగ్గుతారు కాబట్టి నాకు పోయింది రెండు విధాలా.

పోరాటానికి ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. ప్రతి యూనిట్‌కూ 100 ప్రాణం. బలాలు సమానమైతే దెబ్బకు ఇద్దరికీ సుమారు 30 పోతుంది. వారియర్ బలం 20. అతన్ని చెట్లున్న గుట్ట మీద నిలిపితే 6 కలుస్తుంది, రెండు టర్నులు కదలకుండా కాపు కాస్తే ఇంకో 6. బలం 32కి చేరింది. మీదికి వచ్చిన బార్బేరియన్ వారియర్‌కు దాదాపు 48 పోతే, మీవాడికి 19 దాకా పోతుంది. వాళ్లను మీ దగ్గరికి రానివ్వండి. దాడి చేసే ముందు ఫలితం అంచనా తెర మీద కనిపిస్తుంది, చూడకుండా నొక్కకండి.

యురేకా: పనిలోంచి వచ్చే చదువు

ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇది. దాదాపు ప్రతి పరిశోధనకూ ఒక పని జతపడి ఉంటుంది. ఆ పని చేస్తే పరిశోధనలో మూల ఆటలోనైతే సగం, విస్తరణలు (తర్వాత వచ్చిన అదనపు భాగాలు) కలిపిన ఆటలోనైతే 40 శాతం ఉచితంగా వచ్చేస్తుంది. సముద్రం పక్కన ఊరు కడితే సెయిలింగ్ కలిసొస్తుంది. వనరు ఉన్న గడిలో గని తవ్విన బిల్డర్ చక్రానికి దారి వేస్తాడు, రాతి గని మేసన్రీకి, అంటే తాపీపనికి. ఇంకో రాజ్యం ఎదురైతే రాత పుడుతుంది.

ఆర్చరీనే, అంటే విలువిద్యనే చూడండి. దాని ధర 50 సైన్స్. ఒక్క మనిషి ఉన్న రాజధాని టర్నుకు 2.5 సైన్స్ ఇస్తుంది, అంటే 20 టర్నులు. వడిసెలవాడితో ఒక్క శత్రువును చంపించారా, 40 శాతం లెక్కన మిగిలేది 30, అంటే 12 టర్నులు. చివరి దెబ్బ అతనిదే కావాలి సుమా. వారియర్‌తో కొట్టించి, ప్రాణం కొంచెమే మిగిలినప్పుడు స్లింగర్‌తో రాయి వేయించండి. యురేకా దగ్గరలో ఉందనిపిస్తే ఆ పరిశోధనను సగంలో ఆపి వేరేది అందుకోండి. చేసినంత మేరా భద్రంగానే ఉంటుంది. కల్చర్ వైపు ఉన్న సివిక్‌లకూ, అంటే పాలన, సమాజ పద్ధతులకూ ఇదే పద్ధతి, అక్కడ దాన్ని ఇన్‌స్పిరేషన్ అంటారు.

డిస్ట్రిక్టులు: ఒకసారి వేస్తే కదలవు

పాత సివిలైజేషన్లలో భవనాలన్నీ ఊరి నడిగడిలోనే ఇమిడిపోయేవి. ఆరోదానిలో చదువుకు క్యాంపస్, వర్తకానికి కమర్షియల్ హబ్, భక్తికి హోలీ సైట్ అంటూ ఒక్కో డిస్ట్రిక్టుకు ఒక్కో గడి ఇవ్వాలి. ఒకసారి వేశాక అది అక్కడే ఉంటుంది. నేల చదవడం మీద అంతసేపు కూర్చోబెట్టింది ఇందుకే.

క్యాంపస్‌కు పక్కనున్న ఒక్కో కొండ గడికీ 1 సైన్స్ వస్తుంది. మూడు కొండల నడుమ ఇరుక్కున్న, పంటకు పనికిరాని గడి క్యాంపస్‌కు వరం. కమర్షియల్ హబ్ నది ఒడ్డున ఉంటే 2 బంగారం ఎక్కువ. ఊళ్లో ఒక్కరే ఉన్నా ఒక డిస్ట్రిక్టు వేయొచ్చు, రెండోదానికి జనాభా 4 కావాలి, మూడోదానికి 7. అందుకే ఊళ్లోకి ఏది ముందు రావాలో ఆలోచించుకోవాలి. నా ఓటు క్యాంపస్‌కే, కొండలు బొత్తిగా లేకపోతే కమర్షియల్ హబ్‌కు.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే కిటుకు ఒకటుంది. మీ పరిశోధనలు పెరిగేకొద్దీ డిస్ట్రిక్టు ధర కూడా పెరుగుతుంది, కానీ గడి మీద వేసిన క్షణాన ధర ఖాయమైపోతుంది. కాబట్టి అవకాశం దొరకగానే గడి ఎంచి ఉంచండి, కట్టడం తీరికగా ముగించినా పాత ధరే.

రెండో ఊరు, మూడో ఊరు ఆలస్యం చేయకండి. రెండు ఊళ్ల నడుమ కనీసం 3 గడులు ఖాళీ ఉండాలి, ఒక ఊరు మూడు గడుల దూరం దాకానే పని చేయించుకోగలదు. మరీ దూరదూరంగా కట్టి లాభం లేదు. ప్రతి సెట్లర్‌కూ ధర పెరుగుతూ పోతుంది, అయినా వందో టర్నుకు ఐదు ఊళ్లుంటే మొదటి ఆటకు బాగా ఆడినట్టే.

మిగతావి, క్లుప్తంగా

బిల్డర్ మూడు పనులు చేసి మాయమవుతాడు. పొలాలు ఎన్నయినా తర్వాత వేసుకోవచ్చు, ముందు విలాస వస్తువులున్న గడులు చూడండి. ఒక్కో కొత్త రకం నాలుగు ఊళ్లలో జనాన్ని సంతోషపెడుతుంది. సివిక్ పూర్తయినప్పుడల్లా, పాలనలో అదనపు లాభాలిచ్చే పాలసీ కార్డులు ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు. సెట్లర్లు కట్టే రోజుల్లో సగం అదనపు ఉత్పత్తి ఇచ్చే కొలొనైజేషన్ పెట్టి, ఆ పని అయ్యాక తీసేయండి. కొత్త రాజ్యం ఎదురుపడ్డ టర్నులోనే 25 బంగారంతో డెలిగేషన్, అంటే రాయబార బృందం పంపండి. మీ మీద మనసు విరిగాక పంపితే తీసుకోరు. మతం మొదటిసారి వదిలేయండి. గెలుపు దారుల్లో సైన్స్, కల్చర్, ఆక్రమణ వంటివి ఉన్నాయి, ఆ ఎంపిక వందో టర్ను దాటాక చేసినా సరిపోతుంది.

మళ్లీ మొదటి టర్నుకు

వందో టర్నులో ఆపి, మ్యాప్‌ను దూరం నుంచి చూస్తూ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి. ఏ ఊరు ఒక గడి పక్కన ఉండవలసింది? ఏ డిస్ట్రిక్టు తప్పుచోట పడింది? ఏ యురేకా చేతికి అందీ జారిపోయింది? తర్వాత పాత సేవ్ తెరవండి.

నా మొదటి సేవ్‌లో సెట్లర్‌కు ఎడమవైపు, ఒక్క గడి దూరంలో, నది వంపులో మైదానపు గుట్ట ఉంది. దాని వెనుక మూడు కొండలు. మొదటిసారి వాటిని దారికి అడ్డం అనుకున్నాను. రెండోసారి గుట్ట ఎక్కి ఊరు కట్టాను, స్కౌట్ ఐదు టర్నులకే బయటికి వచ్చింది, కొండల నడుమ క్యాంపస్ వేశాను. వందో టర్నుకు నా సైన్స్ మొదటిసారి కంటే రెట్టింపుకు చేరింది. మూడోసారి మాత్రం ఆ సేవ్ తెరవకండి, ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్ష అయిపోతుంది. కష్టం ప్రిన్స్‌కు పెంచి, కొత్త మ్యాప్ వేయండి.