నాయనకు మతిమరుపు మాత్ర ఏళ్ల తరబడి ఇవ్వాలంటే

మతిమరుపు జబ్బుకిచ్చే డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకే చుట్టాలు అడుగుతారు: "గుణమేం కనపడలేదే, ఇంకెందుకమ్మా ఆ మాత్రలు?" ఉరవకొండ నుంచి వచ్చిన మా పెద్దనాయన కూడా అదే అన్నాడు. ఈ మాత్ర పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేదు, జబ్బును ఆపదు. ఉన్న తెలివిని కొంతమందిలో కొంతకాలం నిలబెడుతుంది, అంతే. నాయన ఇప్పటికీ తన చేత్తోనే సంగటి తింటాడు, పంచె తానే కట్టుకుంటాడు. గుణం అక్కడ చూడాలి. ఇలాంటివి నెలకోసారి నోట్‌బుక్‌లో రాసిపెట్టి డాక్టర్‌కు చూపించండి.

"మాత్ర వేసుకున్నావా నాయనా?" అని మాత్రం అడగొద్దు. వేసుకున్నా అంటాడు. అబద్ధం కాదు, వేసుకున్నట్టే ఉంటుంది ఆయనకు. చేతిలో మాత్ర పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా పక్కనే ఉండాలి. వారానికి ఏడు గళ్లున్న డబ్బా వాడితే ఇచ్చామో లేదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మిగిలిన స్ట్రిప్పులు ఆయన చేతికి అందనీయకండి, మరిచిపోయి మళ్లీ మింగేస్తారు. వద్దని మొండికేస్తే వాదించొద్దు. కాసేపాగి ఇంకొకరు ఇవ్వండి. మా నాయన నా మీద కోపంగా ఉన్నా మనవడు ఇస్తే కాదనడు.

మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెల దాటాక 10కి పెంచుతారు. అప్పుడు వికారం, విరేచనాలు రావచ్చు, చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటాయి. రాత్రిపూట పీడకలలు వస్తుంటే పొద్దునకు మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి. కళ్లు తిరిగి పడిపోయినా, నాడి బాగా నెమ్మదించినా వెంటనే చూపించాలి.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వేయకూడదు. ఇదే జబ్బుకిచ్చే ఇంకో మందు రివాస్టిగ్మిన్ వాడేవాళ్లకు మూడు రోజులకు మించి తప్పితే మళ్లీ తక్కువ డోసు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది, డాక్టర్‌ను అడగకుండా పాత డోసు ఇవ్వొద్దు. ఆ మందే పట్టీగా అంటించేవాళ్లు పాతది తీశాకే కొత్తది వేయాలి. గూగూడు పీర్ల పండక్కో, పెళ్లికో ఊరికి పోయేటప్పుడు మాత్రలు ముందే సంచిలో పెట్టుకోండి. ఖర్చు భారమైతే జనఔషధి దుకాణంలో అడగండి.

జలుబు చేస్తే మెడికల్ షాపులో ఏదో ఒక మాత్ర కొనివ్వొద్దు. వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆగనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ ఈ మందుకు ఎదురు పనిచేసి తికమక పెంచుతాయి. పాత చీటీలన్నీ డాక్టర్ ముందు పెట్టండి.

మాత్ర మానేయాల్సిన రోజు కూడా రావచ్చు. మింగడం కష్టమైనా, మందువల్ల ఇబ్బందే ఎక్కువైనా డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఎవరో అన్నారని ఒక్కసారిగా ఆపకండి.