తీవ్ర పోషకాహార లోపమున్న బిడ్డ వార్డుకు వస్తే: నర్సులకు జాగ్రత్తలు

వానాకాలం విరేచనాలతో ఇలాంటి పిల్లలు వస్తారు. డ్యూటీ ఎక్కేముందు చూసుకోండి.

షాక్ (రక్తప్రసరణ ప్రమాదకరంగా పడిపోవడం) లేకుండా సెలైన్ ఎక్కించొద్దు. బలహీనమైన గుండె ఆ భారం మోయలేదు, ప్రాణమే పోవచ్చు. నోటితోనే, డాక్టర్ చెప్పిన ద్రావణం, కొద్దికొద్దిగా.

రాత్రి ఫీడ్ తప్పించొద్దు. మొదట్లో రెండు గంటలకోసారి ఎఫ్-75 పాలు (ఇలాంటి పిల్లలకు మొదట ఇచ్చే ప్రత్యేక పాలు); మానేస్తే తెల్లారేసరికి షుగర్ పడిపోతుంది. అది 54 మి.గ్రా./డె.లీ. కన్నా తగ్గితే, బిడ్డ స్పృహలో ఉంటే, వెంటనే 10 శాతం గ్లూకోజ్ 50 మి.లీ. తాగించి డాక్టర్‌కు చెప్పండి. అలసిపోయిన తల్లిని నిద్రలేపడానికి మొహమాటపడకండి, ఆమె సాయం కావాలి.

స్నానం వాయిదా వేయండి, తలకు టోపీ పెట్టండి. ఒళ్లు త్వరగా చల్లబడుతుంది.

మొదటి వారం ఐరన్ వద్దు, ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

బరువుతోపాటు పాదాల వాపూ రాయండి. నీరు చేరినా బరువు పెరుగుతుంది.